సొంత వాక్యం

"ఈ పాప ఎవురు లక్ష్మీ? మీ అక్క కూతురా?"

ఆదివారం మధ్యాహ్నం. పెంచలయ్య మాస్టారు స్టూలెక్కి బీరువా మీది ఫొటోలు తుడుస్తున్నాడు. ఆయన చేతిలో ఉన్న ఫొటోలో నీలం గౌను తొడుక్కున్న ఐదేళ్ళ పిల్ల, పిడికిట్లో సుద్దముక్క బిగించి పట్టుకుని, కెమెరా వైపు అనుమానంగా చూస్తోంది.

చెంచులక్ష్మి వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. మొదట వేళాకోళమనుకుంది. అయినా ఆ పిల్లతో వేళాకోళమేమిటని చికాకుపడి తలెత్తింది. ఆయన ముఖం చూశాక అర్థమైంది. కొత్తగా ఒకరింటికి వెళ్ళినవాడు గోడమీది ఫొటో చూసి మర్యాదకు ఒక మాట అడుగుతాడే, అలా అడుగుతున్నాడు.

"ముద్దుగా ఉండాది," అని ఫొటో తుడిచి, ఉన్నచోటే పెట్టి, పక్క ఫొటో అందుకున్నాడు.

ఆ పిల్ల పేరు వకుళ. ఇంట్లో అందరూ వద్దన్నా పట్టుబట్టి ఆ పేరు పెట్టింది ఆయనే. ఇరవైరెండేళ్ళ కింద మెదడువాపు జ్వరంతో నెల్లూరు ఆసుపత్రిలో ఆయన ఒళ్ళోనే పోయింది. అప్పటినుంచీ ఆ పిల్లను రోజూ తలుచుకునేవాళ్ళు ఈ భూమ్మీద ఇద్దరే. ఆ ఆదివారంతో ఒకరే మిగిలారు.

చెంచులక్ష్మికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన మీద కాదు. ఆయన తలమీద టోపీ పెట్టినవాళ్ళ మీద. ఆ పెట్టిన చేతులు తనవే కావడంతో ఆ మంట మరీ ఎక్కువైంది.

సూళ్ళూరుపేటలో వాళ్ళిద్దరి పేర్లు కలిసిన తీరు గురించి ముప్ఫై ఏళ్ళుగా ఎవరో ఒకరు ఎకసక్కాలాడుతూనే ఉన్నారు. పెంచలకోన స్వామీ ఆయన దేవేరి చెంచులక్ష్మీ కొండ దిగొచ్చి మన వీధిలో కాపురం పెట్టారని. మాస్టారు నవ్వేవాడు. చెంచులక్ష్మి నవ్వేది కాదు. ఆమెకు నోరెక్కువని ఊళ్ళో పేరు, ఆ పేరు అన్యాయంగా వచ్చిందేమీ కాదు.

మాస్టారు హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పాడు. ఆయన క్లాసులో ఒకటే చట్టం. పదం ఇస్తే సొంత వాక్యం రాయాలి. అన్ని బళ్ళలోనూ సొంత వాక్యాలు రాయిస్తారు, నిజమే. కానీ అక్కడ రాముడు మంచి బాలుడైతే చాలు, మార్కులు పడిపోతాయి. ఈయన దగ్గర ఆ రాముడు చెల్లడు. వాక్యం నీ బతుకులోంచి రావాలి, జరిగిందై ఉండాలి. గైడులోంచో పక్కవాడి పుస్తకంలోంచో దించితే, అంచున ఎర్ర సిరాతో "ఎవరిది?" అని రాసి పుస్తకం వెనక్కిచ్చేవాడు. ఆ ఒక్క మాటకు పిల్లలు బెత్తం దెబ్బకన్నా ఎక్కువగా జడిసేవాళ్ళు.

పిల్లలకు పెట్టిన చట్టం తనకూ పెట్టుకున్నాడు. ముఖ్యంగా టేక్ అనే పదానికి. పిట్టంత పదం. కానీ ఇంగ్లీషువాడు బస్సు ఎక్కినా అదే, మందు వేసుకున్నా అదే, ఫొటో తీసినా, పరీక్ష రాసినా, నింద మీద వేసుకున్నా, తల్లి పోలిక వచ్చినా అదే. డిక్షనరీలో నాలుగు పేజీలు నిండుతుంది. ఆ నాలుగు పేజీలకూ మాస్టారు తన బతుకులోంచి నలభైకి పైగా వాక్యాలు ఏరి పెట్టుకున్నాడు. మొదటి ఉద్యోగానికి వెంకటగిరి బస్సెక్కిన పొద్దు. మాత్ర మింగనని మొండికేసిన అమ్మ. వాటిల్లో పదకొండు వకుళవి. ఎందుకంటే ఆ పిల్లకు వచ్చిన ఒకే ఒక్క ఇంగ్లీషు మాట అదే. నాన్న బడికి బయల్దేరుతుంటే సుద్దముక్క తెచ్చి అరచేతిలో పెట్టి, "టేక్, నాన్నా!" అనేది. బోర్డు మీద ఇలా రాసేవాడు: అడుగులు నేర్చినప్పుడు నా వేలు పట్టుకుంది. మా అమ్మ పోలిక వచ్చింది. మందు వేసుకుంది. చివరిది, జ్వరం ఆమెను తీసుకెళ్ళిపోయింది. పాఠం ఆ వాక్యం దగ్గరికొచ్చిన రోజు వెనక బెంచీ కూడా కిక్కురుమనేది కాదు.

ఆ సంగతి మీద వాళ్ళింట్లో చాలాసార్లు పోట్లాట జరిగింది.

"బిడ్డని బోర్డు మీదికి ఎక్కిస్తారా? ఎవురో వచ్చి డస్టరుతో తుడిచిపారేస్తారే, మీకు మనసెట్టా ఒప్పుతుంది?"

"తుడవనీ లక్ష్మీ. వచ్చే ఏడు మళ్ళీ రాస్తా గదా. అట్టా రాస్తా ఉంటేనే నాకు పోకుండా ఉంటాది."

తరవాత మాస్టారు రిటైరయ్యాడు. ఆ మరుసటేడే పిల్లలు లేరని బడి మూసేశారు. ఆయన పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎక్కడికీ పోకుండా వరండాలో కూర్చునేవాడు. అది చూడలేక చెంచులక్ష్మే ఆయన్ను భాషాసేతు కంపెనీకి తీసుకెళ్ళింది.

భాషాసేతు అంటే తడ దగ్గర ఫ్యాక్టరీల మధ్య ఉన్న ప్రయోగశాల. చెంచులక్ష్మి అంతకుముందు నెల్లూరులో మెదడు తరంగాలు తీసే టెక్నీషియను. అక్కడినుంచి ఇక్కడికి టోపీల గదికి ఇన్‌చార్జిగా వచ్చింది. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో చైనా భాష మాట్లాడే ఇంజనీర్లు వందలమంది. వాళ్ళకూ మనవాళ్ళకూ మధ్య ఇంగ్లీషే దిక్కు, ఆ ఇంగ్లీషు దగ్గరే పేచీ. ఫోన్ల విడిభాగాలు తనిఖీ చేసే లిన్ యావెన్ అనే అమ్మాయి ఒకసారి చేతులు జోడించి చెప్పింది. "అక్కా, మా భాషలో బస్సు కూర్చుంటాం, మందు తింటాం, ఫొటో చరుస్తాం. మీరేమో అన్నీ టేక్ అంటారు. అన్ని అర్థాలు ఎక్కడ పెట్టుకోను?" చెంచులక్ష్మికి నవ్వొచ్చింది. మేం మాత్రం టేకులోనే పుట్టామా, మేమూ బస్సు ఎక్కుతాం, పరీక్ష రాస్తాం అంది.

కంపెనీ పెద్ద డాక్టర్ శేషసాయి దానికి మందు కనిపెట్టాడు. ఒక జ్ఞాపకాన్ని మనం తలుచుకున్నప్పుడల్లా అది కాసేపు పచ్చి సిమెంటులా మెత్తబడి, మళ్ళీ గట్టిపడుతుంది. మెత్తబడిన ఆ నాలుగు నిమిషాల్లో దాత తలమీది టోపీ ఆ అర్థాన్నీ, దాన్ని అంటిపెట్టుకున్న అనుభవాన్నీ అచ్చు తీసి, పక్క గదిలో నేర్చుకునేవారి టోపీలోకి పంపిస్తుంది. దాచి ఉంచడానికి వీల్లేదు. తలలోంచి తలలోకి అప్పటికప్పుడు పోవలసిందే. ఒకరు నేర్చుకుంటే ఒకసారి, నలభైమంది నేర్చుకుంటే నలభైసార్లు దాత తలుచుకోవాలి.

"ఇది కాపీ మాత్రమే మాస్టారూ. మీది మీ దగ్గరే ఉంటుంది. నలభైమంది స్టూడెంట్లు మీ కోసం ఎదురుచూస్తున్నారు," అన్నాడు శేషసాయి. విద్యార్థులనే మాట వినగానే మాస్టారు ముఖం వెలిగిపోయింది. ఇంకేమీ అడక్కుండా సంతకం చేశాడు. అరవైనాలుగు తీగలున్న టోపీని ఆయన తలకు సర్ది, గడ్డం కింద పట్టీ బిగించింది చెంచులక్ష్మే. మన తెలుగులో టోపీ పెట్టడమంటే ఏమిటో తెలిసి కూడా!

పన్నెండో విద్యార్థి దగ్గర తరంగం ఎత్తు తగ్గింది. ఆమె రిజిస్టరులో ఎర్రగీత గీసి డాక్టరుకు చూపించింది. అలసట అన్నాడు. ఇరవయ్యో విద్యార్థికి సగమైంది. వయసు అన్నాడు. ఆమె నమ్మింది. చదువుకున్నవాడు, తెల్లకోటు వేసుకున్నవాడు, నమ్మకేం చేస్తుంది? ఆ నమ్మినందుకే ఇప్పుడు తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తోంది.

సోమవారం పొద్దున ఆమె తలుపు తట్టకుండానే శేషసాయి గదిలోకి వెళ్ళింది.

"నా మొగుడికి బిడ్డ గుర్తులేదు."

"మేడమ్, కూర్చోండి."

"కూర్చోను. ఏం చేసినారో చెప్పు ముందు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సంగతి ఆయనకు కొత్త కాదని ఆ తుడవడంలోనే తెలిసిపోయింది. "చూడండి, మీవారికి ముందు ఆరుగురు దాతలు ఇలాగే ఇచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు. వాళ్ళంతా గైడు చూసి నేర్చుకున్నవాళ్ళు. వాళ్ళ తలల్లో పదం ఉంది, గైడు వాక్యం ఉంది, అంతే. మీవారి పద్ధతి వేరు. ఒక్కో అర్థాన్నీ ఒక్కో అనుభవానికి కట్టేశారు. ముప్ఫై ఏళ్ళు వాటినే మళ్ళీ మళ్ళీ తిప్పారు. అందుకే మనకు రిజల్ట్స్ అంత అద్భుతంగా వచ్చాయి. అందుకే, ప్రతి కాపీతోనూ కొంచెం... అరుగుదల కూడా."

"అరుగుదలా? చెప్పుల జోడా నా బిడ్డ?"

"మీరు ఎమోషనల్ అవుతున్నారు."

"అవును, అవుతా ఉండా. నువ్వెందుకు కావడం లేదు?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. ఆమె గొంతు తగ్గించి, అడుక్కుంటున్నట్టే అడిగింది. "సరే, ఆ నలభైమంది తలల్లో ఉండాది గదా. మళ్ళీ ఆయనకి పంపించు."

"పంపినా పట్టుకోవడానికి అక్కడ ఏదో ఒకటి మిగలాలి మేడమ్. ఏమీ లేదు. లిన్ నుంచి పంపితే లిన్ అనుభవంలాగే చేరుతుంది. ఎవరో చెప్పిన కథలాగ." ఆయన కాగితాలు సర్దుకుంటూ, ఇక మాట మార్చాలన్నట్టు, "వచ్చే గురువారం మూడు ఫ్యాక్టరీల వాళ్ళు మన నలభైమంది పరీక్ష చూడ్డానికొస్తున్నారు. అది ఓకే అయితే మాస్టారితో రెండో పదం మొదలుపెడతాం. గివ్. ఒప్పందంలో ఉంది కదా," అన్నాడు.

గివ్ కింద మాస్టారు బోర్డు మీద రాసే మొదటి వాక్యం చెంచులక్ష్మికి తెలుసు. పెళ్ళిచూపుల్లో ఆమె నాకు కాఫీకి బదులు ఖాళీ గ్లాసు ఇచ్చింది. కంగారులో నిజంగానే ఇచ్చింది. ఆ పదం కింద ఉన్న వాక్యాలన్నీ ఆమెవే. వచ్చే నెలలో ఒక ఆదివారం ఆయన పెళ్ళి ఫొటో తుడుస్తూ, ఈ ఆడమనిషి ఎవురని తననే అడుగుతాడు. సంతకం వెనక్కి తీసుకోమని ఆ సాయంత్రమే ఆయనకు చెప్పి చూసింది. "పిల్లలు ఎదురుచూస్తా ఉంటారు లక్ష్మీ, ఇచ్చిన మాట తప్పుతామా?" అన్నాడు. ఏం పోగొట్టుకున్నాడో తెలియనివాడికి ఏం చెప్పి భయపెట్టగలదు? వకుళ సంగతి చెప్పినా ఎవరో చెప్పిన కథలాగే వింటాడు.

మర్నాడు భోజనాల హాల్లో లిన్ ఆమె ఎదురుగా వచ్చి కూర్చుంది. పళ్ళెంలో అన్నం కలపలేదు.

"అక్కా, ఒకటి అడగనా? నాకు పెళ్ళి కాలేదు. పిల్లల్లేరు. కానీ ఎవరైనా టేక్ అంటే నా అరచేతిలో సుద్దముక్క పెట్టినట్టుంటుంది. చిన్న చెయ్యి. చెమటగా ఉంటుంది. పౌడరు వాసన. నీలం గౌను. వకుళా అని నేనే పిలుస్తుంటాను. చివరికి ఆసుపత్రి. నేను ఫ్యాక్టరీలో తనిఖీ లైను దగ్గర నిలబడి ఏడుస్తున్నాను. సూపర్‌వైజరు తిడుతున్నాడు. ఎవరక్కా ఆ పాప?"

చెంచులక్ష్మికి ఆ క్షణంలో ఆ అమ్మాయిని జుట్టు పట్టుకుని ఊపెయ్యాలనిపించింది. నా బిడ్డ చెమట నీకు తెలుసా? ఇరవైరెండేళ్ళలో నేనే మర్చిపోయిన ఆ పౌడరు వాసన నీకు తెలుసా? చెయ్యి నిజంగానే లేచింది. ఎదురుగా లిన్ ఏడుస్తోంది, అచ్చం మాస్టారు ఏడ్చినట్టే, కింది పెదవి పళ్ళతో నొక్కిపెట్టి. లేచిన చెయ్యి ఆ అమ్మాయి తలమీద దిగింది.

"మీ అందరికీ అంతేనా?"

"అందరికీ. మాలో మేం మాట్లాడుకుంటాం. ఒకరికొకరం సిగ్గుపడుతూ."

చెంచులక్ష్మి అన్నం వదిలేసి లేచింది. తిన్నగా శేషసాయి దగ్గరికి వెళ్ళి, ఈసారి తలుపు తట్టింది. నిన్న నోరు జారానని, మన్నించమని చెప్పింది. ఆ మాటలు ఎలా గొంతు దాటాయో ఆమెకే తెలియదు. "గురువారం టిక్కులు పెట్టే పరీక్ష ఎందుకు సార్, ఎవురైనా పెడతారు. సొంత వాక్యాలు రాయిద్దాం. మాస్టారే అక్కడికక్కడ దిద్దుతారు. వచ్చినోళ్ళ ముందర గొప్పగా ఉంటాది." శేషసాయి పొంగిపోయాడు. ఈమెకు దారిలో పడడానికి ఒక్కరోజు చాలిందే అనుకుని ఉంటాడు.

లిన్‌కు మాత్రం ఆమె ఒక్క మాట చెప్పింది. "నిజం రాయండి. ఏది ముందు గుర్తొస్తే అదే రాయండి."

గురువారం పదిగంటలకు హాలు నిండింది. ముందు వరసలో మూడు ఫ్యాక్టరీల అధికారులు, వాళ్ళ వెనక నలభైమంది విద్యార్థులు. మాస్టారు ఇస్త్రీ చొక్కా జేబులో ఎర్ర పెన్ను పెట్టుకుని, గోడకున్న నల్లబోర్డు పక్కన పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. టేక్ అనే పదాన్ని ఐదు అర్థాల్లో సొంత వాక్యాల్లో ప్రయోగించాలి. అరగంట. నలభై పెన్నులు ఒక్క తడబాటు లేకుండా సాగిపోయాయి. ఫ్యాక్టరీల వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని తల ఊపారు. శేషసాయి చేతులు వెనక్కి కట్టుకుని హాలంతా తిరిగాడు.

మాస్టారు మొదటి కాగితం తీసుకుని చదివాడు. "భేష్!" అన్నాడు. రెండోది చదివాడు. కనుబొమలు ముడిపడ్డాయి. మళ్ళీ మొదటిది తీసి పక్కన పెట్టుకున్నాడు. మూడోది, నాలుగోది. పదో కాగితానికి ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఎర్ర పెన్ను తీశాడు. కాగితం తరవాత కాగితం, అంచున అదే మాట రాసుకుంటూ పోయాడు. నలభయ్యో కాగితం మీద కూడా రాసి, కట్టను బల్లమీద విసిరికొట్టాడు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఆయన అలా విసరడం చెంచులక్ష్మి ఎరగదు.

"కాపీ! అందరూ కాపీ! ఇంత చదువుకున్నోళ్ళు, సిగ్గుండక్కర్లా? ఒకరేమో పాప సుద్దముక్క ఇచ్చిందంటారు. ఇంకొకరూ అదే. పాప వేలు పట్టుకుందంట, నలభైమంది వేళ్ళూ పట్టుకుందా? జ్వరమొచ్చి పోయిందంట. పోయిన బిడ్డని కూడా దించుకుంటారా పక్కవాడి కాగితంలోంచి? ఎవురైనా కన్నబిడ్డని కాపీ కొడతారా?"

ఫ్యాక్టరీల అధికారుల్లో ఒకాయన కాగితాల కట్ట తనవైపు లాక్కుని రెండు మూడు తిరగేశాడు. "ఏమిటిది డాక్టర్? అందరికీ ఒకే పాప ఏమిటి?" అన్నాడు.

"చిన్న టెక్నికల్ విషయం, తరవాత వివరిస్తాను. మాస్టారూ, మీరు కూర్చోండి," అంటూ శేషసాయి ముందుకొచ్చాడు.

"నువ్వు కూర్చో," అంది చెంచులక్ష్మి. గోడవార నిలబడి ఉన్నది కాస్తా హాలు మధ్యకు నడిచింది. "క్లాసు జరగతా ఉండాది. మాస్టారు అడగతా ఉండారు. అడగండి మీరు."

మాస్టారు కాగితాన్ని పైకెత్తి ఎర్ర సిరా చూపించాడు. "ఇదే అడగతా ఉండా. ఎవురిది ఈ పాప?"

"మీది," అంది.

ఆయనకు అర్థం కాలేదు.

"మీదే. నాదీ మీదీ. ఇరవైరెండేళ్ళు నాతోపాటు ఏడ్చినారు మీరు. ఈ కంపెనీవోళ్ళు టోపీతో తోడి తోడి, ఇదిగో, ఈ నలభైమందికీ పోసినారు. మీకు చుక్క మిగల్చలేదు. టోపీ కట్టింది నేనే. తగ్గిపోతా ఉండాదని రిజిస్టరులో గీత గీస్తే, అలసటని చెప్పింది ఈయన. ఇప్పుడు ఇంకో పదం కావాలంట."

ముందుగా లిన్ లేచి నిలబడింది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. నలభైమందీ లేచారు, బళ్ళో తప్పు చేసిన పిల్లల్లాగ తలలు వంచుకుని.

మాస్టారు భార్య ముఖం చూశాడు, కాగితాలు చూశాడు. ఆమె అబద్ధం చెప్పదని ఆయనకు తెలుసు. ఆ నమ్మకం ఇంకా ఆయన దగ్గరే ఉంది. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి, తెలిసిన పనే చేశాడు. సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్ళాడు.

"పేరేంది?"

"వకుళ," అన్నారు నలభైమంది ఒక్కసారే.

మాస్టారు గుండ్రటి అక్షరాలతో ఆ పేరు బోర్డు మీద రాశాడు. ఒక అడుగు వెనక్కి వేసి, తల పక్కకు వంచి చూశాడు. కొత్త పదం రాసినప్పుడు ఎప్పుడూ అలాగే చూస్తాడు.

"మంచి పేరు," అన్నాడు. "ఎవురు పెట్టినారు?"

చెంచులక్ష్మి శేషసాయి వైపు తిరిగింది.

"అడగతా ఉండారు గదయ్యా," అంది. "చెప్పు."

శేషసాయి తన బూట్లు చూసుకున్నాడు. ముందు వరసలోని ముగ్గురూ ఒకరి తరవాత ఒకరు లేచి, కుర్చీలు చప్పుడు కాకుండా వెనక్కి జరిపి, బయటికి నడిచారు. మాస్టారు సుద్దముక్క పట్టుకుని జవాబు కోసం ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.